ఎవరు ఎవరిని గట్టెక్కించారు

ఆ సాయంత్రం నేను పెరటి మెట్ల మీద కూర్చుని చేపల పొలుసు గీకుతుంటే, ముందుగదిలో మా ఆయన మళ్లీ నన్ను చావు నుంచి కాపాడుతున్నాడు.

“ఇంకో నిమిషం ఆలస్యమైతే శవమేనండీ. జుట్టు దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగాను!”

వింటున్నది బడి హెడ్ టీచరమ్మ. ఊరికి కొత్త. ఈ కథ వినని మనిషి ఊళ్లో ఆవిడ ఒక్కతే మిగిలింది.

జరిగింది వేరు. నేను ఈ సరస్సు ఒడ్డునే పుట్టాను. నడక, ఈత ఒకే ఏడు నేర్చానని మా నాన్న చెప్పుకుని మురిసిపోయేవాడు. మా ఆయనది నీళ్లెరగని ఊరు. బోటు ఇంజన్లు బాగుచేసే పని చూసుకుని తల్లితో సహా ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. పెళ్లైన రెండో ఏడు, బాగుచేసిన బోటును నడిపి చూడ్డానికి బరువు కోసం నన్ను అవతలి కొసన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మధ్యలో లేచి నిలబడ్డాడు, పడ్డాడు. నేను దూకాను. అతని జుట్టు పట్టి ఒడ్డుదాకా ఈదుకొచ్చాను. జనం పరుగెత్తుకొచ్చేసరికి ఇద్దరం తడిసి ఉన్నాం. అతను నీళ్లు కక్కుకుని, మూతి తుడుచుకుని, “దీనికి కాలు పట్టేసింది, బతికించేసరికి నా ప్రాణం పోయింది” అన్నాడు. పాపం, సిగ్గుపడుతున్నాడులే, ఈ ఒక్కరోజుకీ ఆ గొప్ప అతనికే ఉండనీ అనుకున్నాను. ఆ ఒక్కరోజు తొమ్మిదేళ్లు సాగింది.

అబద్ధం అతనిది, దాని బరువు మోసింది నేను. “ఒకసారి మునిగినదానివి, నీళ్ల జోలికెళ్లకు” అని నా ఈత మాన్పించాడు. చేపల షెడ్డులో పనికి వెళ్తానంటే, “నేను నిలబెట్టిన ప్రాణం, నా ఇంట్లో పడుండక ఎక్కడికే?” అన్నాడు. కూరలో ఉప్పు తగ్గినా, చొక్కా గుండీ ఊడినా, మాట తిరిగి తిరిగి ఆ నీళ్ల దగ్గరికే వచ్చేది. అత్తయ్య వత్తాసు సరేసరి. “నా కొడుకు పెట్టిన భిక్షే నీ బతుకు. వాడు తిన్నాక తినవే.” తొమ్మిదేళ్లపాటు రోజూ పొద్దున్నే గుమ్మం ముందు మెరిసే ఆ నీళ్లను చూసి, తల వంచుకుని, బావి నీళ్లతో స్నానం చేశాను. కొన్నిసార్లు అంట్లు తోముతూ, ఆ రోజు అతన్ని వదిలేసి ఉంటే అనుకునేదాన్ని. అనుకున్నందుకు భయపడేదాన్ని. తర్వాత్తర్వాత భయపడ్డం మానేశాను.

హెడ్ టీచరమ్మ కథ కోసం రాలేదు. మొన్న వానల్లో రెండో తరగతి పిల్లలిద్దరు మునగబోయి, వలలు లాగేవాళ్ల కంటపడి బతికారు. బళ్లో ప్రతి బిడ్డకీ ఈత నేర్పించాలని ఆవిడ పట్టుదల. వలలవాళ్లకు తీరిక లేదనేసరికి, నేర్పేవాళ్లెవరైనా ఉన్నారా అని ఇల్లిల్లూ తిరుగుతోంది.

నేను చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చాను.

“మా ఆయన్ని మించినవాళ్లెవరున్నారండీ?” అన్నాను. “సగమే చెప్పారు. ఆ రోజు ఈదురుగాలి. నన్ను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఈదారు.”

అతను మొదట పొంగిపోయాడు. తర్వాత మొహం పాలిపోయింది. అప్పటికే ఆవిడ రెండు చేతులూ జోడించి, “ఆదివారం పొద్దున్న మొదలుపెడదామండీ” అంటోంది.

ఆ వారమంతా నేను నోటికి పని చెప్పాను. ఆదివారం నుంచి మా ఆయనే పిల్లలకు ఈత నేర్పుతాడని కొట్లో చెప్పాను, పిండిమర దగ్గర చెప్పాను, వలలు ఆరేసేచోట చెప్పాను. అందరూ అతని భుజం తట్టడమే. శుక్రవారానికి అతనికి అన్నం సయించలేదు.

“జ్వరమని చెప్పవే” అన్నాడు శనివారం పొద్దున్న.

“చెప్తాను. ఆ రోజు ఏం జరిగిందో ముందు మీరు నాతో చెప్పండి. మనిద్దరమే ఉన్నాం, ఎవరూ వినరు.”

గోడవైపు తిరిగాడు. “నువ్వు కంగారుపడ్డావు... నేనేమో...” అని ఆగిపోయాడు.

నాలుగు గోడల మధ్య, నాకు కూడా చెప్పలేకపోయాడు. నాలో మిగిలిన కాస్త జాలీ అక్కడితో సరి.

ఆదివారం రేవు మెట్ల మీద ముప్ఫైమంది పిల్లలు బారులు తీరారు. తల్లిదండ్రులు, వలలవాళ్లు, అత్తయ్య, అందరూ వచ్చారు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన ఒక్కో మెట్టూ దిగి నడుంలోతుకు వెళ్లి ఆగాడు. “దూకండి మామయ్యా!” అని పిల్లల కేకలు. కాలు పట్టేసిందని చెప్పబోయాడు. పాచి మీద లోతులోకి జారాడు.

తల మునిగింది, తేలింది. పడవలు కట్టే గుంజ చేతికి దొరికితే వాటేసుకున్నాడు. గుంజ నున్నగా ఉంది, జారుతున్నాడు, అరుస్తున్నాడు. పిల్లల్ని నవ్వించడానికి వేషాలేస్తున్నాడనుకుని వలలవాళ్లు నవ్వుతున్నారు. అది ఎంత లోతో, అతను ఎంతసేపు పట్టుకోగలడో నాకు తెలుసు.

“ఒసేయ్, దూకవే!” అత్తయ్య గుండెలు బాదుకుంది. “ఆ రోజు లాక్కొచ్చావు కదే, అలాగే లాక్కురావే!”

మెట్ల మీద తలలన్నీ ఆవిడవైపు తిరిగాయి.

ఆవిడకు తెలుసన్నమాట. ఆ రోజు ఒడ్డున నిలబడి అంతా చూసింది. చూసే, తొమ్మిదేళ్లు నా కంచంలో ఆ భిక్ష మాట వడ్డించింది.

నేను తువ్వాలు మెట్టు మీద పెట్టాను. “ఎవరు ఎవరిని లాక్కొచ్చారు అత్తయ్యా? గట్టిగా చెప్పండి. పిల్లలకు వినబడాలి.”

“నువ్వే! నువ్వే నా కొడుకును లాక్కొచ్చావు తల్లీ!”

అప్పుడు దూకాను.

చల్లటి నీళ్లు చెవుల్ని మూసేశాయి. నాలుగు బారలు. నా ఒళ్లు ఏదీ మరిచిపోలేదు. మెడకింద చెయ్యివేసి తీసుకొచ్చి, మెట్టు మీద కూలేశాను. దగ్గుతూ, “కాలు జారిందంతే...” అని ఎవరికో చెప్పబోయాడు. వినేవాళ్లు లేరు. హెడ్ టీచరమ్మ నన్నే చూస్తోంది.

నన్ను పైకి లాగడానికి ఎవరో చెయ్యి అందించారు. నేను అందుకోలేదు. నీళ్లలోనే నిలబడి జుట్టు ముడేసుకున్నాను.

“మీరు ఇంటికెళ్లి పొయ్యి వెలిగించి వంట చెయ్యండి” అన్నాను మా ఆయనతో. “నాకు మధ్యాహ్నం దాకా ఇక్కడ పనుంది. వచ్చాక నేను ముందు తింటాను.”

పిల్లలవైపు తిరిగి, మొదటి వరుసను దిగమన్నాను.