ఉతకకూడని కోటు

నేను ఒక మైనపు కోటును. నన్ను తొడుక్కున్న మనిషి లోపల తడిసిపోవడం, అంతకు మించిన భయం నాకు లేదు. చిరిగిపోతానని గానీ, చెదలు తింటాయని గానీ ఎన్నడూ దిగులు పడలేదు. తడిసిపోతారేమో అన్నదొక్కటే.

నేను పుట్టింది శృంగవరపుకోటలో, ఊరు దాటి ఘాటురోడ్డు మొదలయ్యే చోట ఉన్న దాలినాయుడు కొట్లో. అంతకుముందు ఆ చుట్టుపక్కల అలాంటి కొట్టే లేదు. కొండెక్కేవాళ్లు గోనెసంచి మడిచి నెత్తిన కప్పుకుని వెళ్లేవాళ్లు, వణుక్కుంటూ దిగేవాళ్లు. దాలినాయుడు ఉన్ని మంకీ టోపీలు, రగ్గులు, వానకోట్లు తెచ్చి చూరుకు వేలాడదీస్తే ఊరంతా నవ్విందట. "ఎండకి మాడిపోతన్న ఊళ్లో చలికోట్లు ఎవుడు కొంటాడ్రా నాయుడూ, నువ్వూ నీ పెళ్లామూ ఏసుకుని పడుకోవాల" అన్నారట. లారీ డ్రైవర్లు, సర్వేవాళ్లు, కాఫీతోటల మేస్త్రీలు కొనడం మొదలుపెట్టాక ఆ నవ్వినవాళ్లే కొనడానికి కొట్టు ముందు తోసుకున్నారు.

నన్ను కుట్టింది దాలినాయుడి భార్య చిన్నమ్మడు. మందపాటి కాన్వాసు గుడ్డ. కుట్టు పూర్తయ్యాక తేనెమైనం, అవిసె నూనె కలిపి కరిగించి, గుడ్డతో నా ఒంటినిండా రుద్ది, బొగ్గుల ఇస్త్రీపెట్టె సెగ చూపించి లోపలికి ఇంకించారు. ఆ కొట్టు వాసన తలుచుకుంటే ఇప్పటికీ నా మడతలు సడలుతాయి. మైనం, కొత్త ఉన్ని, చిన్నమ్మడు వక్కాకు, వాన పడ్డ రోడ్డు, అన్నీ కలిసిన వాసన.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉండేది. కోటు తయారయ్యాక దాలినాయుడు తనే తొడుక్కుని కొట్టు ముందు స్టూలు మీద కూర్చునేవాడు. లోపలి జేబులో వేయించిన అప్పడం ఒకటి పెట్టుకునేవాడు. చిన్నమ్మడు మెట్లెక్కి పైనుంచి బిందెలతో నీళ్లు పోసేది. ఊరు దీనికి తలంటు అని పేరు పెట్టింది.

"ఏటప్పా, కుంకుడుకాయలు కూడా తెమ్మంటావా?" అని ఎవరో ఒకరు అరిచేవారు.

"నీ పెళ్లికి తెచ్చినవి మిగిలిపోనాయేటి?" అనేది పైనుంచి చిన్నమ్మడు, నీళ్లు ఆపకుండానే.

అంతా అయ్యాక నాయుడు అప్పడం తీసి కొన్నవాడి ముందే కరకరమని నమిలేవాడు. మెత్తబడిందా, ఆ కోటు మళ్లీ మైనానికి వెళ్లేది. నా అప్పడం ఎంత గట్టిగా విరిగిందో వీధి అవతల టీకొట్టువాడికి కూడా వినబడింది. ఆ గర్వం నాకు చాలాకాలం ఉంది.

నన్ను కొన్నది సిమ్మన్న. కొండ సగంలో ఉన్న కాఫీతోటలో మేస్త్రీ, అప్పటికి పెళ్లికాలేదు. "సబ్బు తగలనివ్వకు, వేణ్నీళ్లు అసలే వద్దు. వానలకు ముందు తెచ్చీ, మళ్లీ మైనం పట్టించి ఇచ్చీస్తాను" అని నాయుడు అతని చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. సిమ్మన్న ఆ మాట తప్పలేదు. ఏటా కొండ దిగి నన్ను కొట్లో అప్పగించేవాడు, పుట్టింటికి వచ్చినట్టు ఉండేది నాకు.

తరవాత సిమ్మన్నకు పెళ్లామై ముత్యాలు వచ్చింది. ఐదో తరగతిలో బడి మాన్పించి గొర్రెల వెంట పంపిన పిల్ల. చిన్న వయసులోనే తల్లయింది. ఆడపిల్ల, నీలవేణి. ఆ పిల్ల తుమ్మితే ముత్యాలు చేతిలో పని వదిలేసి వచ్చేది. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. ఇల్లు ఊడ్చినా, పొయ్యి ఊదినా కళ్లు ఉయ్యాల మీదే.

నా వాసన ఆమెకు గిట్టేది కాదు. "ఈ కోటు కంపుకే పాపకి దగ్గొస్తాంది మామా, ఒకపాలి ఉతికీనా?" అని అడిగింది.

"దానికి కంపే అందమే" అని నవ్వి వెళ్లిపోయాడు సిమ్మన్న. ఎందుకు ఉతకకూడదో చెప్పలేదు. మనుషులు ఇలాగే ఉంటారు. తమకు బాగా తెలిసిన సంగతి ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుందనుకుంటారు.

సిమ్మన్న మిరియాల లోడుతో విశాఖపట్నం వెళ్లినప్పుడు, ఆమె పెద్ద గుండిగలో నీళ్లు మరగబెట్టింది. సబ్బు అరగదీసి నన్ను అందులో ముంచి, కర్రతో తిప్పి, బండ మీద బాదింది. నా మైనం తెట్టుగా తేలి కాలవలో పోయింది. ఎండలో ఆరేసినప్పుడు గాలికి దూదిలా ఎగిరాను. ముత్యాలు ముక్కుకు ఆనించుకుని చూసి, చాలాకాలానికి నిమ్మళంగా నవ్వింది. నాకు మాత్రం ఆ తేలిక అర్థమైంది. చెప్పడానికి నాకు నోరు లేదు.

వాన పట్టుకుంది. సిమ్మన్న ఇంకా తిరిగి రాలేదు. నీలవేణికి జ్వరం వచ్చింది, పాలు తాగడం మానేసింది. పక్కింటి ముసలామె గుడ్డ ఎత్తి చూసి మొహం మార్చుకుంది.

"డొక్కలెగరేస్తందే. ఇక్కడ పసరుకి తగ్గీది కాదిది. కిందకి తీసుకుపో."

"బస్సు లేదు కదప్పా. రోడ్డు మీద బండలు పడిపోనాయంట."

"బస్సు కోసం కూకుంటే పిల్ల దక్కదు. అడ్డదారిన నడిచీ."

ముత్యాలు పిల్లను కుడిభుజాన వేసుకుని, చీరకొంగుతో కట్టుకుని, పైన నన్ను తొడుక్కుంది. ఉతికిన కోటు కదా, పిల్లకు శుభ్రంగా ఉంటుందనుకుంది. అలా నాలో ఇద్దరున్నారు, నాలో మైనం లేదు.

మొదట కాసేపు ఎలాగో ఆపాను. తరవాత నీళ్లు జారిపోవడం మానేసి, నాలోకి దిగడం మొదలుపెట్టాయి. కుడిభుజం కుట్టు ముందు తడిసింది. దాని కిందే పిల్ల తల. ఒక చుక్క కుట్టు వెంట పాకింది, ఆగింది, బరువెక్కింది. పట్టుకోవాలని చూశాను. జారి పిల్ల నుదుటి మీద పడింది. పిల్ల ఏడవలేదు.

దానికే ముత్యాలు ఎక్కువ భయపడింది. "ఏడువమ్మా, నా తల్లి కదూ, ఒకపాలి ఏడువు" అంటూ బురదలో జారుతూ, రాళ్లు పట్టుకుంటూ దిగుతోంది. చెయ్యి పెట్టి చూసుకుంటే పిల్ల జుట్టు తడిగా తగిలింది. ఆగి నావైపు చూసింది. ఏం జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు గానీ, నన్ను నమ్మడం అక్కడితో మానుకుంది. పిల్లను భుజం మీంచి పొట్టకిందికి మార్చి, ముందుకు వంగిపోయింది. మిగతా కొండంతా అలాగే దిగింది. నేను చేయాల్సిన పని ఆమె వీపు చేసింది.

ఊరి మొదట్లో తెరిచి ఉన్నది దాలినాయుడి కొట్టే. మమ్మల్ని చూసి అతను స్టూలు మీంచి లేచాడు. మీద పడిన వాన జారకుండా నాలో ఇంకడం చూస్తే అతనికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

"ఈ కోటు మాదేనమ్మా. ఉతికీసావేటి?"

"పాపకి కంపు తగుల్తాందని..." ముత్యాలు పళ్లు కొట్టుకుంటున్నాయి.

"మాటలు తరవాత" అని చిన్నమ్మడు మధ్యలోకి వచ్చింది. "గుంటనియ్యి ఇలాగ" అని పిల్లకోసం చేతులు చాచింది. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు నిలబడిపోనావేటి, జీపు చూడు."

తడిగుడ్డలు ఊడదీసి, ఇస్త్రీపెట్టె సెగకు వెచ్చబెట్టిన ఉన్ని శాలువాలో పిల్లను చుట్టింది. పిల్ల సన్నగా మూలిగింది. ఆ మూలుగు విని ముత్యాలు పిల్ల చెవి దగ్గర పేరు పెట్టి పిలిచింది. జీపు వచ్చింది, నాయుడు వాళ్లతో ఎక్కాడు. నేను కొట్లోనే నీళ్లు కారుతూ పడి ఉన్నాను.

అతను పొద్దు వాలాక తిరిగొచ్చాడు.

"మన ఆసుపత్రిలో కాదన్నారు, విశాఖపట్నం పంపించీసారు. వేన్ ఎక్కించీసరికి ఊపిరుంది" అన్నాడు.

"ఉందా?"

"ఉంది."

నన్ను ఆరబెట్టి మళ్లీ మైనం పట్టిస్తూ, నాయుడు కుడిభుజం కుట్టు మీద రెండుసార్లు రుద్దాడు. చివరికి, "కొన్నోడికి చెప్పాను గానీ, ఉతికీదానికి చెప్పలేదే" అన్నాడు. అప్పటినుంచి ఎవరు కోటు కొన్నా, ఇంట్లో బట్టలుతికే మనిషిని వెంటబెట్టుకుని వస్తే తప్ప ఇచ్చేవాడు కాదు. బేరాలు పోయాయి, జనం నవ్వారు. అతను మార్చుకోలేదు.

నాకోసం ఎవరూ రాలేదు. తోటకు కబురు పెడితే సిమ్మన్న పని మానేసి వెళ్లిపోయాడన్నారు. ఒకరు పాలకొండ వైపన్నారు, ఒకరు రాయగడ అన్నారు. పిల్ల సంగతి అడిగితే ఒకరు బతికిందన్నారు, ఒకరు మొహం తిప్పుకున్నారు. నాయుడు ఏటా వానలకు ముందు నాకు మైనం పట్టించి, అమ్మకుండా ఉంచాడు. అతను పోయాక కొట్టు మూసేసి సామాను అమ్మేశారు. ఇప్పుడు కొండమీద ఒక రిసార్టులో, గోడకు గాజు పలక వెనక ఉన్నాను. పాతకాలం వానకోటు అని రాసి పెట్టారు. నా మీద చుక్క నీరు పడదు. నా ముందు నిలబడి మనుషులు ఫోటోలు దిగుతారు.

మీరు పాలకొండ వైపు వెళ్లినా, రాయగడ వెళ్లినా, అక్కడ ముత్యాలు ఇల్లెక్కడో అడగండి. కొండమీద కాఫీతోటలో కాపురం చేసిన మనిషి అని చెబితే ఆనవాలు పట్టవచ్చు. ఆమె తప్పేమీ లేదని, చెప్పవలసినవాళ్లు చెప్పలేదని నా మాటగా చెప్పండి. నీలవేణి అని కూతురు ఉండాలి, ఇప్పటికి పెద్దదై ఉంటుంది. ఆ పిల్ల ఉందో లేదో, ఉంటే ఎలా ఉందో, ఒక్కసారి చూసి రండి.