సాయంత్రం రాసుకోమన్న క్రీము

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మందుల షాపు వెనక గదిలో షాపు యజమాని చెల్లెలు రక్తం కక్కుకుంది. ఆ సమయానికి ఆమె అన్న కౌంటర్ దగ్గర ఒకాయనకు దగ్గు మందు ఎలా తాగాలో చెబుతున్నాడు.

ఆ వీధిలో అతన్ని డాక్టరుగారు అంటారు. అతను డాక్టరు కాడు. ఇరవయ్యేళ్లుగా మందులు అమ్ముతున్నాడు. వాళ్లింట్లో ఎవరూ ఆస్పత్రి గడప తొక్కరు. పిల్లల జ్వరాలు, తల్లి మోకాళ్లు, భార్య తలనొప్పి అన్నీ కౌంటర్ మీదే తేలిపోతాయి. ఇంటి వాడకానికి గడువు దగ్గరపడ్డ సరుకు తీస్తాడు. బయటివాళ్లకు ఇస్తే తిరిగి తెచ్చి మొహాన కొడతారని, మనవాళ్లయితే ఏమీ అనరని అతని లెక్క.

చెల్లెలు ఫొటో స్టూడియోలో పనిచేస్తుంది. ఆమె భర్త కిటికీలకు అద్దాలు బిగిస్తాడు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. ఆ మంగళవారానికి కొన్నాళ్ల ముందు, మొదటిసారి, సముద్రం మధ్య ఉన్న ఒక దీవికి బయల్దేరారు. వెళ్లేముందు అన్న ఒక సంచి నింపి ఇచ్చాడు.

"ఇదిగో దోమల క్రీము. సాయంత్రం ఆరు దాటాక రాసుకో. పగలంతా ఒళ్లు జిడ్డు చేసుకోకు."

"పగలు కుట్టవా అన్నయ్యా?"

"పగలు తిరగడానికి దోమకేమన్నా ఆఫీసు డ్యూటీనా? చెప్పింది చెయ్యి."

చెల్లెలు నవ్వింది. కౌంటర్ దగ్గర కూర్చునే వదిన ట్యూబు తీసుకుని తేదీ చూసింది.

"నెలాఖరుతో అయిపోతుందండీ ఇది."

"వాళ్లు నెలాఖరుకి వచ్చేస్తారులే. నువ్వు కూర్చో."

దీవిలో ఆమె అన్న చెప్పినట్టే చేసింది. వాళ్లు దిగిన గది వెనక నీళ్ల డ్రమ్ములు ఉన్నాయి. వాటికి మూతల్లేవు. పొద్దున టిఫిను తినేటప్పుడు కాళ్లు గోక్కుంటూ, చీమలేమో అంది భర్తతో. ఆరు దాటాక క్రీము రాసుకునేది.

తిరిగొచ్చాక రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత జ్వరం వచ్చింది. కళ్ల వెనక నొప్పి అంది. కీళ్లు కదపలేకపోయింది. భర్త ఆటో పిలవబోతే అన్న అడ్డుపడ్డాడు.

"ఒకసారి రక్తపరీక్ష చేయిద్దాం బావా. కొత్త చోటుకి వెళ్లొచ్చాం కదా," అన్నాడు భర్త.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని నా మొహం మీదే అంటున్నావా? నా షాపు ముందునుంచి నా చెల్లెల్ని ఆస్పత్రికి మోసుకెళ్తే, రేపు నా దగ్గర మందు ఎవడు కొంటాడు?"

"అది కాదు బావా..."

"అద్దాలెలా బిగించాలో నేను నీకు చెప్పానా ఎప్పుడైనా?"

భర్త ఆటో పిలవడం మానుకున్నాడు. కళ్లముందు ఉంటుందని అన్న ఆమెను షాపు వెనక గదిలో పడుకోబెట్టాడు. జ్వరం మాత్రతో పాటు ఒళ్లునొప్పులకు ఇంకో మాత్ర మొదలుపెట్టాడు. అది స్ట్రాంగు రకమని, పూటకొకటి మింగితే లేచి కూర్చుంటుందని చెప్పాడు.

సోమవారం జ్వరం దిగింది. అన్న థర్మామీటరు తీసుకెళ్లి బావ ముందు పెట్టాడు.

"చూడు బావగారూ. ఇప్పుడు పిలుస్తావా ఆటో?"

అదే రోజు వదిన ఆమెకు నోరు కడిగిస్తుంటే చిగుళ్లనుంచి రక్తం వచ్చింది. చేతుల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. కడుపులో మెలిపెడుతోందని ఆడపడుచు చెప్పింది. వదిన వెళ్లి భర్తకు చెప్పింది.

"జ్వరం పోయాక నీరసం మామూలే. నువ్వేమన్నా డాక్టరువా?"

"మీరా?"

కౌంటర్ దగ్గరున్న ఇద్దరు తలలు తిప్పి చూశారు. అతను చిల్లర లెక్కపెట్టి వాళ్లకిచ్చాడు. షాపు మూసేముందు చెల్లెలికి మళ్లీ నొప్పుల మాత్ర ఇచ్చాడు.

మంగళవారం ఆమె రక్తం కక్కుకున్నాక భర్త ఎవరినీ అడగలేదు. భార్యను ఎత్తుకుని ఆ షాపు ముందునుంచే ఆటో ఎక్కించాడు. అన్న, వదిన వెనకే వెళ్లారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట ఎక్కడికైనా వెళ్లొచ్చారా అని అడిగింది. భర్త చెప్పాడు. తర్వాత ఏ మందులు వాడారని అడిగింది. అన్న ముందుకొచ్చాడు.

"జ్వరం మాత్ర ఒక్కటే మేడం. నాది మెడికల్ షాపే."

"నొప్పులకేమీ ఇవ్వలేదా? ఇది డెంగీలా ఉంది. ఇచ్చుంటే ఇప్పుడే చెప్పండి."

"లేదు మేడం."

వదిన సంచిలోంచి ఖాళీ మాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టింది.

"ఇది ఇచ్చారండీ. మూడు పూటలా. నిన్న రాత్రి కూడా."

"నువ్వూరుకోవే."

"ఊరుకునే కదా ఇంతదాకా వచ్చింది."

డాక్టరమ్మ అట్ట తిప్పి పేరు చదివింది. వెంటనే రక్తం తెప్పించమని నర్సుకు చెప్పింది. ఈ జబ్బులో ఆ మాత్ర పడితే రక్తం ఒక పట్టాన ఆగదని, జ్వరం దిగిన రోజునుంచే అసలు ప్రమాదమని, అప్పుడే కాపలా కాయాలని భర్తతో అంది.

"రోజూ సాయంత్రం క్రీము రాసుకుందండీ," అన్నాడు అతను.

"డెంగీ దోమ పగలు కుడుతుంది బాబూ."

అన్న అక్కడే ఉన్నాడు.

పరీక్షలో డెంగీ అని తేలింది. ఆమె బతికింది. రెండు వారాలకు ఇంటికి వచ్చింది. స్టూడియోలో ఆమె ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. వదిన కౌంటర్ దగ్గర కూర్చోవడం మానేసింది.

ఆ తర్వాతి నెల భర్తకు జలుబు చేసి ఒళ్లు వెచ్చబడింది. ఆమె తన అన్న షాపుకి ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్లి జ్వరం మాత్రలు అడిగింది.

"అదేంటమ్మా, డాక్టరుగారి చెల్లెలివి కదా. అక్కడ లేవా?"

"ఉంటాయి. మీరివ్వండి."

జ్వరం మాత్రలు తీసుకుని తేదీ చూసుకుంది. బస్సు కోసం రోడ్డు దాటి అన్న షాపు ముందు నిలబడింది. కౌంటర్ దగ్గర ఒకాయన దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"డాక్టరుగారూ, నిన్నటినుంచి జ్వరం. ఒళ్లంతా విరగ్గొట్టినట్టుంది."

అన్న ఆమెను చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, పై అరలోంచి అవే నొప్పుల మాత్రలు తీసి అట్టను సగానికి కత్తిరించి అతనికి ఇచ్చాడు.