మే నెలలో మఫ్లరు

మా నాన్న గొంతు పోయిందని, నా పెళ్లిచూపులకి వచ్చే హైదరాబాదు వాళ్లకి చెప్పాలన్నది మా అమ్మ ఆలోచన. నిజానికి నాన్న గొంతుకి ఏమీ కాలేదు. దానికి ఏదన్నా అయితే బాగుండునని మా వీధి వీధంతా కోరుకున్న రోజులు మాత్రం ఉన్నాయి. ఆయన గిలకలదిండి హార్బరులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంజను మోతకి మించి అరిచి అరిచి, ఇంజను ఆగాక కూడా అదే స్థాయిలో మాట్లాడతాడు. పక్కన మనిషి లేకపోతే ఇంజనుతోనే మాట్లాడతాడు. అదంతా మేం ఎప్పుడో భరించడం నేర్చుకున్నాం. ఇప్పుడొచ్చిన చిక్కల్లా, ఆ మాట్లాడేదంతా తెలుగు కావడం.

మేం బందరు ముస్లిములం. తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగే. ఉర్దూ మాకు బీరువాలో మడతపెట్టిన షేర్వానీ లాంటిది. పెళ్లికో పండక్కో తీసి తొడుక్కుంటాం, చంకల్లో పట్టేస్తుంది, ఇంటికి రాగానే విప్పేస్తాం. మా అమ్మ జోహ్రా కాస్త నయం, టీవీ సీరియళ్లు చూసి నాలుగు ముక్కలు నేర్చుకుంది. నాన్న ఉర్దూ మొదలుపెడితే మాత్రం పొలమారిందేమో అనుకుని ఎదుటివాళ్లు మంచినీళ్లు అందిస్తారు.

ఇక నేను. పేరు సాదియా, వయసు ఇరవై తొమ్మిది, నేరం ఎమ్మే తెలుగు. గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మార్కుల కోసం సంస్కృతంలోకి పారిపోగా మిగిలినవాళ్లే నా విద్యార్థులు. యూనివర్సిటీ ఇచ్చిన గోల్డ్ మెడల్‌ని నాన్న టీవీ పైన మేకుకి తగిలించాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా దాన్ని చూపిస్తాడు. వాళ్లు వచ్చే రోజు అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. సంబంధం తెచ్చినావిడకి నేను ఇంగ్లీషు లెక్చరర్నని చెప్పేసింది మరి.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏం లాభం, ఇర్ఫాన్ నాకు నచ్చాడు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం, మంచి నవ్వు. కొన్నాళ్లుగా ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నాం. ఇంగ్లీషు ఇద్దరిదీ కాదు కాబట్టి ఇద్దరికీ పరువు నష్టం లేదు. ఏం చెబుతావని అతను అడిగితే లాంగ్వేజెస్ అన్నాను. అంతవరకూ అబద్ధం కాదు కదా అనుకున్నాను. అందుకని అమ్మ మఫ్లరు తెచ్చి నాన్న మెడకి చుడుతుంటే ఏమీ అనలేకపోయాను.

మే నెలలో బందరు ఉక్కలో, ఉన్ని మఫ్లరు. డాక్టరు మాట్లాడొద్దన్నాడని చెబుతామనీ, నువ్వు తలాడిస్తే చాలనీ అమ్మ చెప్పింది. పోనీ దగ్గొచ్చా అని నాన్న దీనంగా అడిగాడు. దగ్గుకి భాష లేదు కాబట్టి అమ్మ ఒప్పుకుంది.

వాళ్లు నలుగురు వచ్చారు. ఇర్ఫాన్, రిటైరైన ఆఫీసరు వాళ్ల నాన్న, వాళ్లమ్మ, నాయనమ్మ. ఆ ముసలావిడకి బొత్తిగా చెవుడనీ, పలకరించి శ్రమపడొద్దనీ ఇర్ఫాన్ తల్లి గుమ్మంలోనే చెప్పేసింది. ఆవిణ్ణి తీసుకెళ్లి నాన్న ఎదురుగా కూర్చోబెట్టారు. ఒకాయనకి నోరు లేదు, ఒకావిడకి చెవులు లేవు. ఇద్దరూ ఫ్యాను కింద ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు.

నాన్న ఓర్చుకున్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. చెమట కారి మఫ్లరు రంగు చొక్కాకి అంటుతున్నా తలాడిస్తూనే ఉన్నాడు. ఇర్ఫాన్ తండ్రి సమోసా తింటూ మర్యాదల గురించి, భాష గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. అంతా పెద్ద పెద్ద ఉర్దూలో. ఈ కోస్తా వాళ్లు సొంత భాష మరిచిపోయారట. కొన్ని ఇళ్లలో తిట్టుకోవడం కూడా తెలుగులోనేనట. తిట్లదేముంది, మా ఇంట్లో ముద్దులు కూడా తెలుగులోనే. అమ్మ మాత్రం ప్రతి మాటకీ జీ, జీ అంటోంది.

చివరికి ఆయన నా సంగతికొచ్చాడు. ఇంగ్లీషు చదివి మంచిపని చేశానట. ఈ మధ్య ఎవరో తెలుగు చదివిన అమ్మాయి సంబంధం తెస్తే, ఆ చదువు మన ఇళ్లలో దేనికి పనికొస్తుందని తిప్పి పంపేశాడట. అమ్మ దానిక్కూడా జీ అంది. నేను ఇర్ఫాన్ వైపు చూశాను. అతను టీ కప్పులోకి చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

నేను నోరు తెరిచేలోగా పెద్ద దగ్గు వినిపించింది. వెనకే మఫ్లరు నేలమీద పడింది.

"మా అమ్మాయి చెప్పేది తెలుగేనండీ," అన్నాడు నాన్న, హార్బరు దాకా వినబడేట్టు. "గోల్డ్ మెడలు కూడా వచ్చింది. బియ్యం డబ్బాలో ఉంది, ఉండండి తెస్తాను."

అన్నంత పనీ చేశాడు. మెడల్ నుంచి బియ్యపు గింజలు రాలుతుంటే తెచ్చి ఇర్ఫాన్ తండ్రి చేతిలో పెట్టాడు. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఎవరన్నా మాట్లాడకపోతే వాళ్లు తన మాట వింటున్నారని నాన్న నమ్మకం. పైగా పొద్దుట్నుంచీ లోపల పేరుకుపోయిన సరుకు. వాతావరణం తేలికపడుతుందని కథ ఎత్తుకున్నాడు.

"నాగాయలంకలో ఒకాయన పడవ ఇంజను స్టార్టవ్వలేదండీ. పూజారి గారిచేత కొబ్బరికాయ కొట్టించాడు. పాస్టరు గారిచేత ప్రార్థన చేయించాడు. మా హజరత్ గారిచేత తాయెత్తు కట్టించాడు. ఆఖర్న నన్ను పిలిచాడు. నేను ట్యాంకు మూత తీసి చూశానండీ. డీజిలు లేదు. అంతమంది దేవుళ్లని పిలిచాడు గానీ, డీజిలు మాట ఒక్కరూ ఎత్తలేదండీ."

ఎవరో నవ్వారు. ముందు కిచకిచమని, తర్వాత ఆపుకోలేక, కట్టుడు పళ్లు జారకుండా చేత్తో పట్టుకుని మరీ. చూద్దునుగదా, చెవిటి నాయనమ్మ.

"ఎవరి పడవ బాబూ, ధర్మారావుదేనా?" అందావిడ, కళ్లు తుడుచుకుంటూ. "వాడు చిన్నప్పుడూ అంతే. ఆకలేస్తే అన్నం మానేసి, దిష్టి తియ్యమని ఏడ్చేవాడు."

ఆవిడ పేరు మస్తాన్‌బీ అట. పుట్టి పెరిగింది నాగాయలంకలోనట. నాన్న నోరెళ్లబెట్టాడు. మీకు చెవుడన్నారే అని అడిగాడు.

"మావాడు ఆఫీసరైన కాణ్ణించీ చెవుడే బాబూ," అందావిడ. "పలకరిస్తే పలుకుతాను కదా, పలికితే తెలుగొచ్చేస్తదని వీళ్ల భయం."

ఇర్ఫాన్ తండ్రి మొహం చూస్తే జాలేసింది. తల్లి భాష తెలుగైతే ఆయనకి రాకుండా ఎలా ఉంటుంది? నాన్న కథంతా అర్థమయ్యే కూర్చున్నాడన్నమాట. నీకూ వచ్చా అని ఇర్ఫాన్‌ని తెలుగులోనే అడిగాను. వచ్చు అన్నాడు, నేల చూపులు చూస్తూ. మరి ఇన్నాళ్లూ ఫోన్లో ఆ ఇంగ్లీషుతో ఎందుకు చచ్చాం అన్నాను.

ఇర్ఫాన్ తల్లి లేచి నిలబడింది. ఆయన మెడల్‌ని బల్లమీద పెట్టి తనూ లేచాడు. ఇర్ఫాన్ గుమ్మం దగ్గరికెళ్లి ఒక కాలికి బూటు వేసుకున్నాడు. సంబంధం పోయిందని అమ్మకీ నాకూ అర్థమైపోయింది. మనసు కలుక్కుమంది. కాదని ఎందుకు చెప్పాలి?

"అమ్మీ, చలో," అన్నాడు ఇర్ఫాన్ తండ్రి.

మస్తాన్‌బీ కదల్లేదు. ఆయన ఇంకాస్త గట్టిగా అన్నాడు.

"నాకు వినబడదు కదరా," అందావిడ తాపీగా. "నువ్వే కదా అందరికీ చెప్తావు."

ఇర్ఫాన్ వాళ్ల నాన్నని చూశాడు, నాయనమ్మని చూశాడు. వంగి బూటు విప్పేసి, వచ్చి ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, కింద పడ్డ మఫ్లరు తీసి రాలిన గింజల్ని దాంతోనే ఊడ్చేసింది. ఇంకో రెండు సమోసాలు వేసుకోండి పిన్నిగారూ అని తెలుగులో అంటూ పళ్లెం ముందుకి జరిపింది.

"మొదట్నుంచీ చెప్పు బాబూ," అంది మస్తాన్‌బీ, సమోసా తుంచుకుంటూ. "గట్టిగా చెప్పు. మావాడిక్కూడా వినబడాలి."

నాన్న గొంతు సవరించుకున్నాడు.