ఇంటి భాద్యతలు

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి కూతురు రెండడుగులు వెనక్కి జరిగింది. "చూడమ్మా, నీకు కనిపించాలని పెద్దక్షరాల్లో వేయించాను," అంది. తల్లి చేతిలో ఉల్లిపాయ సగం తరిగి ఉంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని చూసింది. నిజంగానే పెద్దక్షరాలు. ఒకటో తరగతి వాచకంలో పేజీకొక 'అ' వేస్తారే, అలాంటివి. ముప్పై ఆరేళ్ళు చీమతలంత అక్షరాల్లో తప్పులు ఏరిన కళ్ళకి జరిగిన మర్యాద ఇది. పైన రాసింది చదవగానే చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది. ప్రెస్సులో అయితే ఎర్ర పెన్ను ఉండే చోటు అది. ఇప్పుడక్కడ ఉల్లిపొట్టు అంటుకుంది.

'ఇంటి భాద్యతలు.'

ఈ ఒక్క మాట ఎన్ని వేలసార్లు దిద్దిందో ఆమెకే తెలియదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఇక్కడే బోల్తా పడతారు. ప్రెస్సులో కొత్తగా చేరిన అమ్మాయిలకి ఆమె చెప్పే కిటుకు ఒకటుంది: "బాధ్యతలో బాధ ఉంటుందే. బాధ ఎక్కడుందో చూసుకుని రాస్తే తప్పు రాదు." అమ్మాయిలు నవ్వేవాళ్ళు. పెళ్ళయినవాళ్ళు కాస్త తక్కువ నవ్వేవాళ్ళు.

కింద రెండు గళ్ళు. ఒకదాంట్లో పని, ఇంకోదాంట్లో మనిషి. బాబుకి స్నానం, అమ్మ; అంటే బాబు అమ్మమ్మ, తనే. పాలు పట్టడం, పడుకోబెట్టడం, అమ్మ. టీకాలు, అమ్మ. మధ్యాహ్నం వంట, అమ్మ. అల్లుడి పేరు వెతగ్గా వెతగ్గా ఒక్కచోట దొరికింది, ఆదివారం పార్కు దగ్గర. అట్టడుగున విడిగా ఒక వాక్యం: 'ఇంకేమొచ్చినా, అమ్మ ఉంటుందిగా.'

ఉంటుందిగా. ఈ మాట ఆమెకి కొత్తది కాదు. కాపురానికొచ్చిన వారానికే అత్తగారు వచ్చినవాళ్ళతో అంది, "వండటానికేం, కోడలు ఉంటుందిగా." మొగుడు ఫోన్లో స్నేహితులకి చెప్పేవాడు, "పదిమందైనా రండిరా, ఆవిడ ఉంటుందిగా." గోడ ఉంటుంది, గడప ఉంటుంది, ఆవిడా ఉంటుంది. అడగక్కర్లేదని చెప్పడానికి తెలుగులో ఆ 'గా' కంటే చిన్న అక్షరం లేదు. అది ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉండేది. ఇవాళ అచ్చులోకి ఎక్కింది.

"సోమవారం నుంచమ్మా. నా సెలవు రేపటితో ఆఖరు," అంది కూతురు.

"సోమవారం నుంచి నేను మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళాలని చెప్పాను కదే. పిల్లల నిఘంటువు, చివరి ప్రూఫులు దిద్దాలి. మూడు నెలలు పొద్దున పదింటి నుంచి అయిదింటిదాకా."

"చెప్పావులే. ఊరికే అంటున్నావనుకున్నాం."

అనుకున్నాం. అంటే వీళ్ళంతా కూర్చుని అనుకున్నారు. ఆమె లేనప్పుడు.

సోఫాలో ఫోను చూసుకుంటున్న కొడుకు తలెత్తకుండానే అన్నాడు. "ఈ రోజుల్లో అక్షరాలు దిద్దడానికి మనిషెందుకమ్మా? కంప్యూటరే ఎర్రగీత గీసి చూపిస్తుంది."

"మరి దీనికి గీయలేదేం?"

"దేనికి?"

ఇద్దరూ వచ్చి కాగితం ముందు నిలబడ్డారు. పైనుంచి కిందికి చదివారు. ఇద్దరికీ తప్పు కనిపించలేదు. వీళ్ళకి అక్షరాలు నేర్పింది ఆమే. చిత్తుప్రూఫుల వెనక ఖాళీ వైపు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేళ్ళు పట్టుకుని దిద్దించింది. ఇప్పుడు ఏదడిగినా "నీకు అర్థం కాదులే" అంటారు. అర్థం కానిది ఎవరికో ఫ్రిజ్ మీద పెద్దక్షరాల్లో ఉంది.

పేపరు వెనక నుంచి మొగుడు దగ్గాడు. "అరవై రెండొచ్చాయి, ఇంకా ఆ ఒత్తులేంటి, దీర్ఘాలేంటి? నువ్వు దిద్దకపోతే లోకం ఆగిపోతుందా?"

ఉద్యోగంలో చేరిన రోజు కూడా లోకం ఆగిపోతుందా అనే అన్నాడు. అప్పుడామె నవ్వి ఊరుకుంది.

"ఆగదు. తప్పుగా నడుస్తుంది," అంది ఇవాళ.

పేపరు కిందికి దిగింది. కూతురి మొహం ఎర్రబడింది. "అంటే నా ఉద్యోగం పోయినా ఫర్వాలేదు నీకు. మనవడి కంటే ఆ కాగితాలే ఎక్కువ."

లోపల పసివాడు కదిలాడు, మళ్ళీ సర్దుకున్నాడు. తల్లి ఒక్క 'సరేలే' అంటే ఈ ఇల్లు మళ్ళీ ఊపిరి పీలుస్తుంది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఆ మాట అనీ అనీ నాలికకి దారి తెలుసు. కానీ కూతురి కళ్ళ కింద నలుపు చూసింది, దువ్వకుండా రబ్బరుబ్యాండు వేసిన జుట్టు చూసింది. తను 'సరేలే' అంటే ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత ఇలాంటి కాగితం మీద ఈ పిల్ల పేరే ఉంటుంది.

"మీ ఆయనకి సెలవెంతుంది?"

"ఆయనకా? అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"వాళ్ళ ఆఫీసులో బాగోదమ్మా, మగవాళ్ళు సెలవు పెడితే."

"మా ప్రెస్సులో బాగుంటుందా మరి?"

తల్లి చేతులు కడుక్కుంది. తరగాల్సిన సగం అలాగే వదిలేసి, సంచీలోంచి ఎర్ర పెన్ను తెచ్చి, కాగితం ఊడదీసి బల్ల మీద పరిచింది. మొదట పైమాట. 'భ' కింద ఉన్న ఒత్తు కొట్టేసి, పక్కనున్న 'ద'కి ఇచ్చింది. అంతే తేడా. ఒకరి మీదే పడ్డ బరువు తీసి పక్కవాళ్ళకివ్వడం. తర్వాత 'అమ్మ' అన్న ప్రతిచోటా కింద గీత గీసి, అంచున ప్రశ్నార్థకం పెట్టింది. ప్రెస్సులో దానికి అర్థం, రాసినవాళ్ళని అడిగి తేల్చుకోవాలని. చివరి వాక్యం దగ్గర మాత్రం పెన్ను కాసేపు ఆగింది. 'దిగా' కొట్టేసి పైన 'దా?' అని రాసింది.

ఇంకేమొచ్చినా, అమ్మ ఉంటుందా?

కాగితం మడిచి కూతురి చేతిలో పెట్టింది. "ఇది మొదటి ప్రూఫు. మీ ఆయనా నువ్వూ కూర్చుని దిద్ది తీసుకురండి. సోమవారం అయిదు దాటాక చూస్తాను."