మామ పోసిన పెట్రోలు

అమర్‌నాథ్ చొక్కా చేతులు మడిచి బానెట్‌లోకి తల దూరిస్తే చాలు, యశోదకు రోత పుట్టేది. ధర్మవరంలో పట్టుచీరల కొట్టున్న మనిషి, ఇంగ్లండులో ఏ కాలంలోనో తయారైన రెండు సీట్ల ఎర్ర కారొకటి బెంగళూరు నుంచి తెచ్చుకుని, సెలవుదినమల్లా దాని పొట్టలో చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. పక్కన టార్చి పట్టుకుని నిలబడే పని యశోదది. చీరలకు గ్రీజు మరకలు అంటడమేగానీ ఆ బండిలో ఒక్కనాడైనా సుఖంగా ఊరు చేరిన పాపాన పోలేదు.

ఆ దసరాకు అందులోనే పెనుకొండకు, ఆమె పుట్టింటికి వచ్చారు. ఆయుధపూజ ముగించుకుని హిందూపురం పోవాలని అనుకున్నారు. పొద్దున్నే యశోద నాయన నరసింహయ్య బంకుకు పోయి, డబ్బాలో పెట్రోలు తెచ్చి అల్లుడి బండిలో పోశాడు. ఆ తర్వాత అమర్‌నాథ్ పూజకు దిగాడు. చక్రాలకూ స్టీరింగుకూ బొట్లు పెడితే చాలదా? చాలదట. బానెట్ ఎత్తి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కూడా ఊడదీసి, "బండి ప్రాణమంతా ఈడనే ఉండాది" అంటూ లోపల నిప్పు పుట్టించే పాయింట్లకు తడి కుంకుమ అద్ది, మూత బిగించాడు. వీధి వాళ్ళు చూస్తున్నారని ఆ భక్తి మరీ పొంగింది. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు పెట్టి, సెల్ఫ్ కొట్టాడు. ఇంజను తిరిగింది, అంటుకోలేదు. మళ్ళీ కొట్టినా అంతే.

"మామా, పెట్రోలు యాడ తెచ్చినావు?"

"మన బంకులోనే అల్లుడా."

"దేంట్లో తెచ్చినావు? అంగట్లో కిరసనాయిలు డబ్బాలోనా?"

"కాదప్పా, కొత్త డబ్బా. కడిగి ఆరబెట్టినాకనే తీసుకపోయినా."

"ఏమో! అంగడోళ్ళ చెయ్యి ఊరికే ఉండదు గదా. దీంట్లో కిరసనాయిలు కలిసిండాది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నరసింహయ్యది కిరాణా అంగడి. పసిపిల్లను పంపినా కల్తీ లేని సరుకిస్తాడన్న పేరొక్కటే ఆయన జీవితమంతా కూడబెట్టుకున్నది. ఇంకెవరైనా ఆ మాట అనుంటే చెంప పగలగొట్టేవాడే. అన్నది అల్లుడాయె.

అమర్‌నాథ్ ఒక ప్లగ్గు ఊడదీశాడు. వైరు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి, సెల్ఫ్ కొట్టమని యశోదకు చెప్పాడు. ప్లగ్గు కొసన మెరుపు కనపడలేదు.

"నిప్పే రాల్యా. పెట్రోలుదేం తప్పు?" అంది యశోద.

"టార్చి పట్టుకునేదానివి, నాకు పాఠాలు చెప్తాండావా?"

కాయిలు వైర్లు లాగి చూశాడు, ప్లగ్గులన్నీ తుడిచి బిగించాడు. ఏది పని చేయకపోయినా వెంటనే మామ పెట్రోలు మీద పడేవాడు. ఎదురింటి పోతులయ్యకు ఇదంతా మంచి కాలక్షేపంగా ఉంది.

"ఏమన్నా నరసింహన్నా, నీ అంగట్లో నూనె గూడా ఇట్లాంటిదేనా?" అన్నాడు.

నరసింహయ్య లోపలికి పోయి ఖాళీ డబ్బా తెచ్చాడు. మూత తీసి ఒక్కొక్కరి ముక్కు దగ్గరా పెట్టి, "వాసన చూడప్పా. కిరసనాయిలు వాసన వస్తాందేమో నువ్వే చెప్పు" అని బతిమాలాడు. జుట్టు నెరిసిన మనిషి అట్లా డబ్బా పట్టుకుని తిరుగుతుంటే యశోద చూడలేక బానెట్ వైపు తిరిగింది. ఒక్కడూ సరిగా వాసన చూడలేదు, అందరూ ముఖాలు తిప్పుకుని నవ్వుతున్నారు.

చివరికి అమర్‌నాథ్ డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. యశోద టార్చి వేసింది. రెండు పాయింట్ల మధ్య కుంకుమ ఎండి పక్కు కట్టి ఉంది. అతని చెయ్యి ఆగిపోయింది. ఓరగా అటూ ఇటూ చూసి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి, కొస పాయింట్ల మధ్య దూర్చి తుడిచి, ఎరుపు లోపలికి పోయేటట్టు మడిచి మళ్ళీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూత బిగించాడు. అంతటితో ఊరుకుంటే మనిషే అనుకోవచ్చు. పెట్రోలు పైపు ఊడదీసి, నోటితో ఊది, అందరూ చూసేటట్టు ఉమ్మేశాడు.

"థూ! కిరసనాయిలు పైపంతా పట్టుకున్నింది. ఊది తీసేసినా."

పైపు తగిలించి, సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. బండి ఒక్క దెబ్బకు అంటుకుంది. జనం చప్పట్లు కొట్టారు.

నరసింహయ్య రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది అల్లుడా. బంకోడు మోసం చేసినట్టుండాడు."

ఆ మాటకు యశోదకు నిలువెల్లా అసహ్యం వేసింది. మొగుడి మీద, నవ్విన ముఖాల మీద, ఇంతసేపూ టార్చి పట్టుకుని నిలబడ్డ తన చేతి మీద కూడా.

"ఎక్కు, పొద్దుపోతాంది" అన్నాడు అమర్‌నాథ్.

ఆమె అతని పక్కకు పోయి, వంగి, చొక్కా జేబులోంచి రుమాలు లాగింది. అతను పట్టుకోబోయేలోపే విప్పేసింది.

"నాయనా, ఇదో చూడు, నీ పెట్రోల్లో కల్తీ. పొద్దున పాయింట్లకు ఈయన పెట్టిన కుంకుమ. ఇప్పుడు తుడిచి జేబులో దాచుకున్నాడు."

బండి గుడగుడమంటూ ఆడుతూనే ఉంది. నరసింహయ్య రుమాలు అందుకుని ఆ ఎర్రమరక చూసి, వీధి దాటి, ఎదురింటి అరుగు దగ్గరికి పోయి పోతులయ్య ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన చూడప్పా."