మడిచిపెట్టిన కాగితాలు

నల్లకోటు మడిచి సంచి అడుగున పెట్టింది తారాబాయి. దానిపైన తెల్లచొక్కా, బీపీ మాత్రలు, అన్నిటికంటే పైన నరేందర్ ఫైలు. శంషాబాద్ బస్టాండు వెనక ఈ కిరాయి గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా వకీలు బాలమల్లుకు ఆమే టైపిస్టు. ఆయన పెళ్లి చేసుకోని మనిషి కాబట్టి, ఊరికి పోతే సంచి సర్దేదీ ఆమే.

"జర మెల్లగ పెట్టు తారమ్మా. అండ్ల ఒకరి సంసారం ఉన్నది," అన్నాడు బాలమల్లు.

నరేందర్ విమానాశ్రయం గోదాముల్లో కూలి. తాగడానికి నీళ్లు లేవని తోటివాళ్ల వాట్సాప్ గ్రూపులో రాసినందుకు కాంట్రాక్టరు అతని ఫోను గుంజుకుని పనిలోంచి తీసేశాడు. అంతటితో ఆగలేదు. భార్యాభర్తలు ఆ ఫోనులో రాసుకున్న మాటలన్నీ అచ్చువేయించి కోర్టులో పెట్టాడు. సుప్రీంకోర్టులో వాదించి వాటిని రికార్డులోంచి తీసేయించడానికే ఈ ఢిల్లీ ప్రయాణం. విచారణ రేపే.

నరేందర్ భార్య స్వర్ణలత గుమ్మంలో నిలబడి ఉంది.

"సార్, నేను రాసినయి గూడ..."

నెత్తిమీదుగా విమానం పోయింది. ముగ్గురూ అలవాటు కొద్దీ మోత తగ్గేదాకా ఆగారు.

"...జడ్జి సదువుతడా?"

"సదవద్దనే పోతున్న బిడ్డా."

"మీరు సదివిన్రా?"

"నాకు నీళ్ల ముచ్చట చాలు. మిగిలినయి మడిచే పెట్టిన."

తారాబాయి మాత్రం రెండు పేజీలు చదివింది. తలెత్తకుండా సంచి జిప్పు లాగింది.

కేసు ముగిశాక కాగితం ముక్క కూడా దగ్గర ఉంచుకోడు బాలమల్లు. ఫైలంతా ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చేస్తాడు. తీర్పు నకలు ఒక్కటన్నా దాచుకుందామని ఆమె ఎన్నిసార్లు అడిగినా, "వాళ్ల బతుకు మన బీరువల ఎందుకు?" అనేవాడు.

"ఏర్‌పోర్టుల కెమెరాకు ముఖం చూపిస్తే జల్దిన లోపలికి తోలుతరట సార్," అంది తారాబాయి.

"లైన్ల నిలవడత తియ్యి. నా ముఖం గంత సక్కగ లేదు."

మర్నాడు మధ్యాహ్నం ఫోను చేశాడు. "తీసెయ్యమన్నరు తారమ్మా. ఆ పిల్లకు చెప్పు."

"తిన్నరా?"

"ఇగ పోయి తింట."

సాయంత్రం ఆయన దిగిన లాడ్జివాళ్లు ఫోను చేశారు. కుర్చీలో కూర్చున్నట్టే పోయాడట. ఆయన అన్నకొడుకు శంకరయ్య వెళ్లి అక్కడే దహనం చేసి, ఫైలు తెచ్చాడు. తారాబాయి దాన్ని విప్పకుండా స్వర్ణలత చేతిలో పెట్టింది.

సంతాపసభలో చెప్పడానికి ఆయన గెలిచిన కేసుల వివరాలు కావాలని తోటి వకీళ్లు వచ్చారు. చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. గుమ్మం పక్కన, మడమల దగ్గర అరిగిపోయిన ఆయన రబ్బరు చెప్పులు ఉన్నాయి.

బాలమల్లు 2024 ఆగస్టు పన్నెండు, సోమవారం పొద్దున వెళ్లాడు. మళ్లీ రాలేదు.