ఏ ఎరుపు?

చిన్నోడికి చూపు ఒక్కసారిగా పోలేదు. కళ్లకు నీటికాసుల జబ్బు, గ్లకోమా. ముందు పక్కలు కనిపించడం మానేశాయి. తర్వాత ఎదురుగా ఉన్నవి మసకబారాయి. కొన్నాళ్లు వెలుతురు వచ్చిందీ పోయిందీ మాత్రం తెలిసేది. ఆ తర్వాత అదీ లేదు.

నలభై దాటినా ఇంట్లో అతను చిన్నోడే. పెళ్లి చేసుకోలేదు, అన్నా వదినల దగ్గరే ఉంటాడు. కార్లకు రంగులు వేసే షెడ్డులో సగం జీవితం గడిపాడు. ఎంత పాత బండి తెచ్చినా దాని రంగుకు అతికినట్టు సరిపోయే రంగు కలుపుతాడని పేరుండేది. షెడ్డు మానేశాక కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు.

చూపున్న రోజుల్లో అన్నదమ్ములిద్దరూ ఏ ఊరు వెళ్లినా అక్కడ కార్ల మ్యూజియం ఉందేమోనని వెతికేవాళ్లు. ఆ సరదా గుర్తొచ్చే అన్నయ్య, "ఈ ఆదివారం మ్యూజియానికి పోదాం రా" అన్నాడు. తీరా ఆ రోజు పొద్దున్నే బస్సు డిపో నుంచి ఫోనొచ్చింది. ఎవరో కండక్టరుకు జ్వరమట, ఆ డ్యూటీకి అన్నయ్యే వెళ్లాలి.

"మనం వెళ్దాం పద" అంది వదిన.

"కళ్లులేనోడికి మ్యూజియమేంటి వదినా? అన్నయ్యయితే ఏ బండి ఏంటో చెప్పేవాడు. నీకు కారుకీ ఆటోకీ తేడా తెలియదు."

"నాకు కళ్లున్నాయి, బుర్ర లేదు. నీకు బుర్రుంది, కళ్లు లేవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం. చెప్పులేసుకో."

వదిన ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. పేరు, వయసు, ఏ డాక్టరు, తర్వాతివాళ్లు రండి. రోజంతా మనుషుల ఎదుటే కూర్చున్నా ఒక్క మొహమూ గుర్తుండని ఉద్యోగం. అందుకే మ్యూజియంలో మొదటి బండి ముందు నిలబడి, "పాత కారు. నల్లగా ఉంది" అని ముగించేసింది.

చిన్నోడు కదల్లేదు. "అంతేనా?"

వదిన మళ్లీ చూసింది. "గుర్రబ్బండికి గుర్రాన్ని తీసేస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది. చక్రాలు చెక్కవి. స్టీరింగు లేదు, కర్ర ఒకటుంది. నడిపేవాడు ఇంత ఎత్తున కూర్చుంటే ఊరంతా వాడికే కనబడుతుంది. వాన పడితే మాత్రం ముందు తడిసేది వాడే."

చిన్నోడు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు విని వదినకు హుషారొచ్చింది. మూడు చక్రాల బుల్లి కారు దగ్గరికి లాక్కెళ్లింది. "ఇది గుడ్డులా ఉంది. తలుపు ముక్కు మీదే. ఎక్కాలంటే దాని మొహం తెరిచి లోపలికి దూరాలి. మీ అన్నయ్య ఎక్కితే పొట్ట బయటే ఉండిపోతుంది." ఒకే మనిషి పట్టే పందెం కారు చూపించింది. రెక్కల తోకతో హాలు సగం ఆక్రమించిన పొడుగాటి కారు చూపించింది. "దీన్ని మన వీధిలో తిప్పాలంటే ముందు వీధిని కూలగొట్టాలి."

అగ్నిమాపక బండి దగ్గరికొచ్చాక, "ఎరుపు" అంది.

"ఏ ఎరుపు?"

"ఎరుపంటే ఎరుపేనయ్యా."

"ఎరుపులు వంద ఉంటాయి వదినా. నారింజ వైపు లాగుతోందా, నలుపు వైపు లాగుతోందా? అంచుల దగ్గర ఎలా ఉంది?"

వదిన దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది. దూరం నుంచి ఒకే ముద్దలా కనిపించిన ఆ ఎరుపు, మడ్‌గార్డు వంపులో ముదురుగా, ఎండ తగిలే చోట పాలిపోయి ఉంది. తలుపు పిడి చుట్టూ చేతులు తగిలి తగిలి లోపలి పాత పూత బయటపడింది. అదంతా మెల్లగా చెప్పింది. చిన్నోడు తల వంచుకుని విన్నాడు. "ఇప్పుడు కనబడింది" అన్నాడు.

అలా అంటూనే చెయ్యి చాచాడు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి, "ముట్టుకోకూడదు సార్" అన్నాడు. విషయం అర్థమై గొంతు తగ్గించాడు. "వెనకాల వర్క్‌షాపులో పాత బండ్లు బాగుచేస్తారు. అక్కడి మేడమ్‌ని అడుగుతానుండండి."

వర్క్‌షాపులో ఒక కారు రంగంతా గీకేసి ఉత్త రేకుతో నిలబడి ఉంది. అక్కడి మెకానిక్ నడివయసు మనిషి. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "దీన్ని ఎంతైనా ముట్టుకోండి, ఇంకా రంగు పడలేదు" అంది.

చిన్నోడి మొహం మారిపోయింది. రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి, తలుపు దాకా మెల్లగా జరుపుకుంటూ వెళ్లాడు. తలుపు కింది భాగం దగ్గర ఆగాడు. "ఇది గట్టి దెబ్బ తిన్న బండి. ఇక్కడ లోపలికి నొక్కుకుపోయింది. పుట్టీ పెట్టి సరిచేయాలి" అన్నాడు, షెడ్డులో కుర్రాళ్లకు చెప్పినట్టు.

మెకానిక్ కాస్త తటపటాయించింది. "దెబ్బ కాదు సార్. దీని డిజైనే అంత. రెండో వైపు కూడా అలాగే ఉంటుంది, చూడండి."

చిన్నోడు కారు చుట్టూ తడుముకుంటూ వెళ్లి రెండో తలుపు పట్టుకున్నాడు. అదే పల్లం, అదే చోట. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"కళ్లు పోతే పోయాయి, చేతులున్నాయి కదా అనుకునేవాణ్ని వదినా" అన్నాడు. "ఇవీ మర్చిపోతున్నాయి."

నువ్వు చెప్పిందే కరెక్టని అబద్ధం ఆడదామా అని వదినకు అనిపించింది. ఆడలేదు. "ఇలాంటి బండి ఇంతకుముందు ఎప్పుడైనా పట్టుకున్నావా?"

"లేదు."

"మరి మర్చిపోవడానికేముంది? తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పావు, అంతే. మీ ఇంటి మగాళ్లందరికీ అది పుట్టుకతో వచ్చిన విద్య."

మెకానిక్ పక్కున నవ్వింది. చిన్నోడు కాసేపు బిగుసుకుని నిలబడి, తర్వాత తనూ నవ్వాడు. మళ్లీ ఆ పల్లం మీద చెయ్యి పెట్టి, ఈసారి ఏమీ అనకుండా, దాని వంపు ఎటు పోతోందో చివరిదాకా తడిమి చూశాడు.

తర్వాత క్యాంటీన్‌లో టీ తాగుతూ అడిగాడు. "అన్నయ్య ఇప్పుడెలా ఉన్నాడు వదినా?"

"ఎలా ఉంటాడు? బాగానే ఉన్నాడు."

"అది కాదు. నాకు అన్నయ్యంటే చూపున్నప్పటి మనిషే. ఆ బండ్లను చెప్పినట్టు చెప్పు."

వదిన చెప్పబోయింది. పొద్దున డిపోకు వెళ్లేటప్పుడు ఏ చొక్కా వేసుకున్నాడో కూడా గుర్తులేదు. తడుముకుని, "మీసం లేదుగా ఇప్పుడు..." అంది.

"ఏంటీ! మీసం తీసేశాడా? ఎప్పుడు?"

వాళ్లింట్లో ఆ ముక్క అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి వదిన, "ఇంటికెళ్లాక చూసి చెప్తాను" అంది.

సాయంత్రం తలుపు తీసింది అన్నయ్యే. వదిన గుమ్మంలోనే నిలబడి అతన్ని చూడసాగింది.

"ఏంటలా చూస్తావ్? నా మొహానికేమైంది?"

"మీ తమ్ముడు అడిగాడు నువ్వెలా ఉన్నావో. కదలకు." ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "ముందు జుట్టు బాగా వెనక్కిపోయింది చిన్నోడా. కుడి భుజం కిందికి వాలింది, రోజూ ఆ సంచి మోసీ మోసీ. మీసం తీసినచోట చర్మం ఇంకా కాస్త తెల్లగానే ఉంది."

"చెప్పేదేదో నాలుగు మంచి ముక్కలు చెప్పవే" అన్నాడు అన్నయ్య సిగ్గుపడుతూ.

"ఉండు." ఆమె గొంతు తగ్గింది. "కళ్ల కింద ఉబ్బింది. నేను మాట్లాడుతున్నా నన్ను చూడటం లేదు. నిన్నే చూస్తున్నాడు. నీకు కనబడదు కదా అని, దిగులంతా దాచుకోకుండా చూస్తున్నాడు."

అన్నయ్య చప్పున మొహం తిప్పుకున్నాడు. చిన్నోడు తడుముకుంటూ వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మీసం ఎందుకు తీశావు?" అన్నాడు చిన్నోడు.

"తెల్లబడిందిరా. రంగేసుకుంటే డిపోలో అందరూ నవ్వారు."

"నన్నడగాల్సింది. సరిగ్గా కలిపిచ్చేవాణ్ని."

"నీకు చెప్పి బాధపెట్టడం ఎందుకులే అనుకున్నాను."

"ఇంకా ఏమేం చెప్పలేదు?"

అన్నయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని తమ్ముడి ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఎదురింటివాళ్లు మేడ వేశారని చెప్పాడు. మేడ కాదు, రేకుల గది అని వదిన సరిదిద్దింది.